అమ్హారిక్ కవి, నాటకకర్త త్సెగాయే గెబ్రె మెద్హిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇథియోపియా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పి వచ్చిన తెలుగు లెక్చరర్లు చాలామందే ఉన్నారు. అక్కడి కాఫీ గురించి, ఇంజెరా అనే పుల్లట్టు గురించి, పదమూడు నెలల క్యాలెండర్ గురించి వాళ్లు బోలెడు చెబుతారు. అక్కడి సాహిత్యం మాట ఎత్తితే మాత్రం సంభాషణ తొందరగా ఆగిపోతుంది. ఆ లోటు కొంతైనా తీరుతుందని, త్సెగాయే గురించి నాటకం మీద ఇష్టమున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు ఎవరీయన?

ఇథియోపియా కవి, నాటకకర్త, దర్శకుడు, అనువాదకుడు. 1936 ఆగస్టు 17న పుట్టారు, 2006 ఫిబ్రవరి 25న పోయారు. ఎక్కువగా అమ్హారిక్‌లో, కొంత ఇంగ్లిష్‌లో రాశారు. స్వదేశంలో ఆయన్ని 'లోరెట్ త్సెగాయే' అంటారు. అంటే ఆస్థానకవి లాంటి బిరుదే. అయితే ఆస్థానాలతో ఆయనకు ఎప్పుడూ పూర్తిగా పొసగలేదు, ఆ సంగతి కింద వస్తుంది.

ఇంటిపేరు ఏది? గెబ్రె మెద్హిన్ అని రాయొచ్చా?

రాయకండి. ఇథియోపియాలో ఇంటిపేర్లు ఉండవు. మొదటిది సొంత పేరు, రెండోది తండ్రి పేరు. గెబ్రె మెద్హిన్ అంటే వాళ్ల నాన్నగారు. ఇంగ్లిష్ వ్యాసాల్లో అలవాటు కొద్దీ రెండో పేరుతో రాస్తుంటారు కానీ ఇథియోపియన్లకు అది వింతగా ఉంటుంది. త్సెగాయే అంటే చాలు. కొన్నిచోట్ల పేరు చివర 'కవెస్సా' అని కూడా కనిపిస్తుంది. అది తండ్రి వైపు ఒరోమో జాతి పూర్వీకుల పేరు.

అమ్హారిక్ ఎలాంటి భాష? మనకు పట్టుబడుతుందా?

అరబిక్, హీబ్రూల కుటుంబానికి చెందిన సెమిటిక్ భాష. లిపి మాత్రం ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. దాన్ని ఫిదెల్ అంటారు. 33 మూలాక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు. హ, హు, హి అంటూ వరసగా వల్లె వేస్తుంటే తెలుగువాడికి అచ్చం గుణింతంలాగే వినిపిస్తుంది. లిపి పట్టుబడటం పెద్ద కష్టం కాదు. క్రియాపదాలు మాత్రం ఏడిపిస్తాయి.

ఎక్కడ పుట్టారు? ఎలా పెరిగారు?

అడిస్ అబాబాకి పడమరగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో అంబో పట్టణం ఉంది. సీసాల్లో అమ్మే గ్యాసు నీళ్ల వల్ల ఆ పేరు దేశమంతా తెలుసు. ఆ అంబో దగ్గరి బోడా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఒరోమో, తల్లి అమ్హారా. రెండు భాషలూ ఇంట్లోనే వచ్చేశాయి. మూడోది గీజ్, అంటే ఇథియోపియా ఆర్థొడాక్స్ చర్చి ప్రార్థనల్లో వాడే ప్రాచీన భాష. మన దగ్గర సంస్కృతానికి ఉన్న స్థానం అక్కడ దానిది. దాన్నీ చిన్నప్పుడే నేర్చుకున్నారు.

పుట్టిన సంవత్సరం గమనించండి. 1936 మే నెలలో ముస్సోలినీ సైన్యం అడిస్ అబాబాలో అడుగుపెట్టింది. ఈయన పుట్టేనాటికి తండ్రి ఇటాలియన్ల మీద పోరాటంలో ఉన్నారు. ఆ ఆక్రమణ 1941 దాకా సాగింది. ఆయన రచనల్లో యుద్ధం, ఆక్రమణ మాటిమాటికీ ఎందుకు వస్తాయని అడిగేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

పదమూడేళ్లకే చక్రవర్తి ముందు నాటకం వేశారంటారు, నిజమేనా?

నిజమే. అంబో స్కూల్లో చదువుతుండగా 'డయొనీసియస్ రాజు, ఇద్దరు అన్నదమ్ములు' అనే నాటకం రాశారు. దాని ప్రదర్శన చూసినవాళ్లలో హైలె సెలాసీ చక్రవర్తి కూడా ఉన్నారు. డయొనీసియస్ అంటే సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్‌ని ఏలిన నియంత. స్కూలు పిల్లాడు ఒక నిరంకుశ రాజు కథ ఎంచుకోవడం, అది కాస్తా సాక్షాత్తు చక్రవర్తి కళ్ల ముందే ఆడటం! తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది అలా ఉంచితే, ఆయన తర్వాతి జీవితమంతా ఇదే తంతు. ఎదురుగా కూర్చున్నది రాజు, స్టేజీ మీద నడిచేది రాజుల కథ.

చదువు?

అడిస్ అబాబాలో జనరల్ వింగేట్ స్కూలు, ఆ తర్వాత కమర్షియల్ స్కూలు. చికాగోలోని బ్లాక్‌స్టోన్ స్కూల్ ఆఫ్ లా నుంచి 1959లో లా డిగ్రీ. లాయరుగా స్థిరపడే దారి అక్కడితో ఆగిపోయింది. యునెస్కో స్కాలర్‌షిప్ మీద లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌కి, ప్యారిస్ కొమెడీ ఫ్రాన్సేజ్‌కి వెళ్లి నాటక ప్రదర్శన నేర్చుకున్నారు. రాయల్ కోర్ట్‌లో అప్పట్లో సామాన్యుల బతుకులు, వాళ్ల కోపాలు స్టేజీకెక్కుతున్నాయి. ఆ గాలి ఈయనకూ సోకిందని నా అభిప్రాయం. తిరిగొచ్చాక రాసిన నాటకాల్లో గుమాస్తాలు, అద్దె ఇళ్లలో కాలం వెళ్లదీసేవాళ్లు కనిపిస్తారు.

నేషనల్ థియేటర్‌తో ఆయన సంబంధం ఏమిటి?

1961 నుంచి సుమారు పదేళ్లు దానికి డైరెక్టర్. అప్పటి పేరు హైలె సెలాసీ థియేటర్. ఆ భవనానిదీ ఒక కథ. ఆక్రమణ రోజుల్లో ఇటాలియన్లు 'సినిమా మార్కోని' పేరుతో మొదలుపెట్టి సగంలో వదిలేసి పోయారు. దాన్ని పూర్తిచేసి 1955లో చక్రవర్తి పట్టాభిషేక రజతోత్సవానికి తెరిచారు. 1974 తర్వాత నేషనల్ థియేటర్ అయింది. శత్రువు వేసిన పునాది, చక్రవర్తి పెట్టిన పేరు, ఆ పేరు చెరిపేసిన విప్లవం. ఆ దేశ చరిత్ర అంతా ఆ ఒక్క గుమ్మం ముందు నిలబడితే తెలిసిపోతుంది.

'మైనం, బంగారం' అనే మాట ఆయన గురించి చదివినప్పుడల్లా వస్తుంది. ఏమిటది?

గీజ్ భాషలో కెనె అనే కవితా ప్రక్రియ ఉంది. చర్చి బడుల్లో ఏళ్ల తరబడి నేర్పుతారు. పైకి కనిపించే అర్థం మైనం, లోపల దాగిన అర్థం బంగారం. కంసాలి మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోస్తాడు కదా, పోలిక అక్కడిది.

మనకు శ్లేష కొత్త కాదు. ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ చెప్పిన పింగళి సూరన మనవాడే. అయితే ఇథియోపియాలో ఈ విద్య పండితుల దగ్గరే ఆగిపోలేదు. అజ్మరీలని ఊరూరా తిరుగుతూ ఒంటితీగ వాయిద్యం మాసింకో మీద పాడే గాయకులున్నారు. పొగుడుతున్నట్టే పాడి చురక వేయడంలో వాళ్లు దిట్టలు. సెన్సారు ఉన్న దేశంలో నాటకకర్తకు ఇంతకన్నా పనికొచ్చే ఆయుధం ఏముంటుంది? త్సెగాయే దాన్ని కసిగా వాడుకున్నారు. పాత రాజు కథ రాస్తే హాల్లో కూర్చున్నవాళ్లు కొత్త రాజును తలుచుకునేవారు.

ఆయన పేరుతో ఛందస్సు కూడా ఉందట?

ఉంది. అమ్హారిక్ పద్యంలో బాగా వాడుకలో ఉన్న పాదానికి పన్నెండు అక్షరాలు, ఆరు తర్వాత విరుపు. త్సెగాయే విరుపు విరుపుకీ ఎనిమిదేసి అక్షరాల నడకను పట్టుకుని దాంతో పెద్ద పెద్ద కవితలు నడిపించారు. దాన్నే 'త్సెగాయే బెత్' అంటారు. కొత్త నడకలో ఊపిరి పొడుగు ఎక్కువ, మాట మీద మాట దూసుకొస్తుంది. ఆయన కవిత్వాన్ని కళ్లతో చదివితే సగమే దక్కుతుంది, చెవితో వినాలి. ఆయనే చదివిన రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. భాష రాకపోయినా ఒకసారి విని చూడండి.

ఒక్కటే నాటకం చదవాలంటే ఏది?

'పెత్రోస్ యాచిన్ సెఆత్'. అంటే 'ఆ ఘడియలో పెత్రోస్' అనుకోండి.

ముందు అసలు చరిత్ర. అబునె పెత్రోస్ ఇథియోపియా ఆర్థొడాక్స్ బిషప్. 1936 జులై చివర్లో దేశభక్త దళాలు ఆక్రమణలో ఉన్న రాజధాని మీద దాడి చేసి విఫలమయ్యాయి. పెత్రోస్ ఇటాలియన్లకు దొరికిపోయారు. పోరాడేవాళ్లు దొంగలని బహిరంగంగా ఖండించు, వదిలేస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పైగా శత్రువుకు లొంగవద్దని జనానికి చెప్పారు. నడివీధిలో అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. త్సెగాయే పుట్టింది ఆ తర్వాత మూడు వారాలైనా గడవకముందే.

నాటకం కోసం ఆయన ఎంచుకున్న క్షణం చూడండి. తుపాకులు పేలే క్షణం కాదు, దానికి ముందటి ఘడియ. పెత్రోస్ అప్పటికింకా విగ్రహం కాలేదు, చావు ఎదురుగా ఉన్న ఒక సన్యాసి. నోరు తెరిచి మొదట మాట్లాడేది శత్రువుతో కాదు, మేరీమాతతో. 'అయ్యె, మ్నెవ్ ఎమె బ్రిహాన్?' అని మొదలవుతుంది. అయ్యో, ఇదేమిటి వెలుగుల తల్లీ, ఇథియోపియా మీద ఇంత కఠినమైపోయావేం, నీ కుడిచేతిని నువ్వే మరిచావా అని నిష్ఠూరమాడతాడు. భద్రాచల రామదాసు జైల్లోంచి రాముణ్ణి నిలదీసిన చనువు తెలిసిన మనకు ఈ గొంతు పరాయిది కాదు. దేవుణ్ణి అడిగే హక్కు ఉన్నవాడికే అంత కోపం వస్తుంది. ఆ కోపంలోంచి భయం, భయంలోంచి చిన్ననాటి పల్లె, పశువులు, అమ్మ, అక్కడినుంచి మెల్లగా తెగింపు. వీరుడు వీరుడిగా పుట్టడు, ఆ గంటలో తయారవుతాడు అన్నది చూపించగలగడమే ఈ నాటకం గొప్ప. ఇప్పటికీ ఇథియోపియాలో స్కూలు పిల్లలు దీన్ని కంఠతా చెబుతారు.

అడిస్ అబాబాలో పెత్రోస్ విగ్రహం ఉంది. మెట్రో లైన్ కోసం 2013లో దాన్ని తాత్కాలికంగా తీసినప్పుడు ఊరంతా గొడవైంది. 2016లో మళ్లీ నిలబెట్టారు.

'ఓడా ఓక్ ఒరాకిల్' ఇంగ్లిష్ నాటకమా, అనువాదమా?

నేరుగా ఇంగ్లిష్‌లోనే రాశారు. 1965లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఓడా అంటే ఒరోమోలకు పవిత్రమైన చెట్టు. మన రచ్చబండ రావిచెట్టు లాగే దాని కింద పంచాయితీలు, పూజలు జరుగుతాయి. కథలో ఆ చెట్టు దగ్గరి సోదె ఒక తీర్పు చెబుతుంది. షంకా, ఉకుతీలకు పుట్టే తొలిచూలు బిడ్డను పూర్వీకులకు బలి ఇవ్వాలని. బిడ్డే పుట్టకపోతే బలి ఉండదు కదా అని షంకా భార్యను ముట్టుకోడు. తల్లి కావాలని తపించే ఉకుతీ అతని స్నేహితుడు గోఆ వైపు తిరుగుతుంది. గోఆ బయటి ప్రపంచం చూసి, క్రైస్తవం విని వచ్చినవాడు. ఇక అక్కడినుంచి ఎవరికీ మంచి జరగదు.

దీన్ని 'మూఢనమ్మకాల మీద నాటకం' అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. గోఆ తెచ్చిన కొత్త దేవుడు కూడా ఎవరినీ కాపాడడు.

తెవొద్రోస్ నాటకానికీ ఇండియాకీ సంబంధం ఉందంటారు?

నాటకానికి కాదు, అందులోని చరిత్రకు ఉంది. తెవొద్రోస్ 19వ శతాబ్దపు ఇథియోపియా చక్రవర్తి. ముక్కలైన దేశాన్ని కలపాలని చూశాడు, చివరికి అందరినీ దూరం చేసుకున్నాడు. బ్రిటిష్ వాళ్లను బందీలుగా పట్టుకున్నాడని 1868లో ఆయన మీదికి వెళ్లిన సైన్యం బయలుదేరింది బొంబాయి నుంచి. సేనాని రాబర్ట్ నేపియర్. సుమారు 13 వేల మంది సైనికుల్లో అధిక భాగం భారతీయులే. ఫిరంగులు మోయడానికి 44 ఏనుగుల్ని కూడా ఓడల్లో తీసుకెళ్లారు. మగ్దలా కోట పడిపోతుండగా, శత్రువు చేతికి చిక్కడం ఇష్టంలేక తెవొద్రోస్ పిస్తోలుతో కాల్చుకున్నాడు. ఆ పిస్తోలు విక్టోరియా రాణి కానుకగా పంపిందే. కోటలోని చేతిరాత పుస్తకాలు దోచుకుని లండన్‌కి తరలించారు.

త్సెగాయే ఈ రాజు కథను 1960ల్లో ఇంగ్లిష్‌లో నాటకంగా రాశారు.

షేక్‌స్పియర్‌ని అనువదించారా?

ఒథెల్లో, మాక్‌బెత్, హామ్లెట్‌లను అమ్హారిక్‌లోకి తెచ్చారు. ఫ్రెంచ్ నాటకకర్త మోలియేర్‌నీ తెచ్చారు. జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ 'మదర్ కరేజ్' ఆధారంగా 'ఎనాత్ అలెమ్ తెను' రాశారు. మాక్‌బెత్ అంటే ఇంట్లో నిద్రపోతున్న రాజును చంపే కథ. చక్రవర్తి బతికున్న దేశంలో అది వట్టి అనువాదం ఎలా అవుతుంది? 'ఇథియోపియా షేక్‌స్పియర్' అని ఆయన్ని కొందరు అంటుంటారు కానీ నాకు ఆ పోలిక నచ్చదు. పెత్రోస్ గొంతు చర్చి బడిలోంచి వచ్చింది, లండన్ నుంచి కాదు.

చక్రవర్తి మనిషా, విప్లవం మనిషా?

ఎక్కువ వాదనలు జరిగేది ఇక్కడే. 1966లో అమ్హారిక్ సాహిత్యానికి హైలె సెలాసీ బహుమతి తీసుకున్నారు. అప్పటికి వయసు 29, అది అందుకున్నవాళ్లందరిలోకీ చిన్నవాడు. చక్రవర్తి పేరున్న థియేటర్‌కి డైరెక్టర్. అదే మనిషి 'యెకెర్మో సెవ్' లాంటి నాటకాల్లో ఆ చక్రవర్తి రాజధానిలో బతుకు ఈడ్చే చిన్న ఉద్యోగుల్ని చూపించారు. ఆయన నాటకాలు కొన్ని సెన్సారు కోతకు గురయ్యాయి, కొన్ని ఆగిపోయాయి.

1974 సెప్టెంబర్‌లో సైనికాధికారుల కమిటీ 'దెర్గ్' చక్రవర్తిని దించేసింది. ఆ వేడిలో రాసిందే 'హ హు బెసిదిస్త్ వెర్', అంటే 'ఆరు నెలల్లో అక్షరాభ్యాసం'. జనం విరగబడి చూశారు. పాత వ్యవస్థ మీద కోపం అందులో నిండుగా ఉంది. పేరులోనే ఒక చురకా ఉంది. వేల ఏళ్ల రాచరికం నుంచి బయటపడ్డ దేశం ఆరు నెలల్లో కొత్త పాఠం నేర్చేసుకుంటుందా అని. కొత్త ప్రభుత్వం ఆయనకు సంస్కృతి శాఖలో పెద్ద పదవి ఇచ్చింది, అదీ ఎక్కువ కాలం నిలవలేదు. జైలుకూ పంపింది. ఆ తర్వాత అడిస్ అబాబా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఏర్పాటులో ముఖ్యపాత్ర పోషించారు. దెర్గ్ 1991లో కూలిపోయాక 'హ హు వెయిమ్ పె పు' రాశారు. అక్షరమాల మొదలా, చివరా అని దేశాన్ని అడిగే పేరు అది.

మూడు ప్రభుత్వాల్లోనూ నాటకాలు వేశారు, మూడింటితోనూ ఇబ్బంది పడ్డారు. పదవులు ఎందుకు ఒప్పుకున్నాడని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టేజీ కావాలంటే హాలు కావాలి, హాలు ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కవితో పోలిస్తే నాటకకర్తకు ఈ బంధనం ఎక్కువ. ఇది నేను ఆయన్ని వెనకేసుకొచ్చి అంటున్న మాటే, ఒప్పుకుంటాను.

ఆయన అమ్హారా కవా, ఒరోమో కవా?

ఇప్పటి ఇథియోపియాలో ఇది మామూలు ప్రశ్న కాదు. 1995 రాజ్యాంగం దేశాన్ని జాతుల ప్రాతిపదికన రాష్ట్రాలుగా విడదీసింది. చక్రవర్తి కాలంలో ఒరోమో భాషలో పుస్తకాలు అచ్చువేయడమే గగనం. అలాంటప్పుడు ఒరోమో బిడ్డ అమ్హారిక్‌లో మహాకవి కావడాన్ని ఎలా చూడాలన్నది గొడవ. ఆయన మాత్రం రెండిట్లో ఒకటి ఎంచుకోవడానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒరోమో చెట్టు కింద ఇంగ్లిష్ నాటకం, గీజ్ చదువుతో అమ్హారిక్ పద్యం, అన్నీ నావే అన్నారు. అది అమాయకత్వం అనేవాళ్లున్నారు. నేనైతే మొండితనం అంటాను.

ఆఫ్రికన్ యూనియన్ గీతం రాసింది ఈయనేనా?

అవును. ఆఫ్రికా ఐక్య సంస్థ 1986లో ఆమోదించిన గీతం ఈయనదే. తర్వాత ఆఫ్రికన్ యూనియన్ కూడా దాన్నే ఉంచుకుంది. బాణీ కెన్యాకు చెందిన ఆర్థర్ ముడోగో కెమోలీది. ఆఫ్రికాను ప్రాణవృక్షంగా చేద్దాం రండి అని పిలుస్తుంది ఆ పాట. ఆయన ఇంగ్లిష్ కవితల్లో 'హోమ్-కమింగ్ సన్' సంకలనాల్లో తరచూ కనిపిస్తుంది. విదేశాల నుంచి తిరిగొచ్చిన కొడుకుని సొంత నేల పలకరించే కవిత. ఇంద్రధనుస్సులో నలుపు ఎనిమిదో స్వరం అనే ఊహ అందులోదే.

ఇథియోపియా సంగీతకారుడు ములాతు అస్తాత్కె 'యెకెర్మో సెవ్' బాణీ, ఈ నాటకం పేరూ ఒకటేనా?

ఒకటే. 2005లో ఒక అమెరికన్ సినిమాలో వాడాక ఆ ఇథియో-జాజ్ బాణీ ప్రపంచమంతా తిరిగింది. వినేవాళ్లలో ఎక్కువమందికి అది ఒక నాటకం పేరని తెలియదు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్ కోసం 1998లో న్యూయార్క్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. 69 ఏళ్ల వయసులో మన్‌హట్టన్‌లో కన్నుమూశారు. అడిస్ అబాబా తీసుకొచ్చి హోలీ ట్రినిటీ కెథెడ్రల్ దగ్గర సమాధి చేశారు. హైలె సెలాసీ చక్రవర్తి సమాధి ఉన్నదీ ఆ చర్చిలోనే.

ఒక్కో పుస్తకంలో ఒక్కో సంవత్సరం ఉంటుంది, ఎందుకు?

ఇథియోపియా క్యాలెండర్ మనం వాడే దానికంటే ఏడెనిమిదేళ్లు వెనక. వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబర్‌లో. ఆయన కవితా సంపుటి 'ఎసాత్ వెయ్ అబెబా' (నిప్పా, పువ్వా) మీద 1966 అని ఉంటే అది మన లెక్కలో 1973-74. సెమినార్ పేపర్లు రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి.

తెలుగులో ఏకపాత్రాభినయంగా వేయాలంటే?

పెత్రోస్ దానికి సరిగ్గా సరిపోతుంది. ఒకే నటుడు, ఒకే చోటు, ఒకే ఘడియ. కాకపోతే దుర్యోధనుడి డైలాగులా మొదటి లైను నుంచే గొంతు పెంచితే నాటకం చచ్చిపోతుంది. మొదలు గొణుగుడు, ప్రార్థన. గొంతు లేచేది సగం దాటాకే. కిరీటం, మీసం లాంటి హంగులేమీ వద్దు, నల్లటి అంగీ, మెడలో శిలువ చాలు. ఇంగ్లిష్ అనువాదం నుంచి తెలుగు చేసేవాళ్లు అమ్హారిక్ తెలిసినవారి చేత ఒకసారి అసలు కవిత చదివించుకుని ఆ విరుపులు పట్టుకుంటే మంచిది. ప్రదర్శన హక్కుల కోసం ముందే రాసి అనుమతి తీసుకోండి.